తోడిపెళ్లికూతురి పగ

అంబియో నవ్వదని జౌహర్ ఊరంతటికీ తెలుసు.

వంతెన దిగగానే ఎడమచేతి వైపు, రేకుల పందిరి కింద ఆమె మట్టి పొయ్యి ఉంటుంది. మొక్కజొన్న పిండి ముద్దను అరచేతుల మధ్య చరిచి, నిప్పులున్న పొయ్యిలోకి మోచేతి దాకా చేయి పెట్టి, లోపలి గోడకు రొట్టె అంటిస్తుంది. ఏళ్ల తరబడి ఆ సెగకు ఆమె చేతుల మీద వెంట్రుకన్నది మిగల్లేదు. అరటి గెలలు ఎక్కించుకుని రాజధాని మొగదిషు వెళ్లే లారీ డ్రైవర్లు అక్కడ ఆగి తింటారు.

"రొట్టె బాగుంది గానీ వదినా, మొహమే మాడింది," అంటాడు ఒకడు.

"నువ్వు డబ్బులిచ్చింది రొట్టెకి. మొహం జోలికి రాకు."

ఆ మాటకు లారీలన్నీ నవ్వుతాయి. ఆమె నవ్వదు. ఇరవయ్యారేళ్లు వచ్చేదాకా ఆమె నవ్వు నది అవతలికి వినపడేదని ముసలివాళ్లు చెబుతారు. తమ్ముడు మాయో పోయిన రోజున ఆ నవ్వు కూడా పోయింది.

మాయోను ఉగాస్ వార్సమే అన్నకొడుకు లీబాన్ కాల్చి చంపాడు. పట్టపగలు, కాలువ గట్టు మీద, నీళ్ల వంతు దగ్గర. మాయో తన నువ్వుల చేనుకు నీళ్లు కట్టుకుంటున్నాడు. పొద్దుగుంకే దాకా అతని వంతే. లీబాన్ తన చిన్నాన్న అరటితోటకు నీళ్లు మళ్లించమన్నాడు. "వంతు అయ్యాక తీసుకో," అన్నాడు మాయో. చేతిలో తుపాకీ ఉన్నవాడికి అయ్యాక అనే మాట ఎక్కదు.

ఉగాస్ అంటే వంశపెద్ద. ఆ వంశం ఒంటెలు కాచినవాళ్లది, మెత్తజుట్టువాళ్లది. అంబియో వాళ్లు నది ఒడ్డున మన్ను పిసికినవాళ్లు, రింగుజుట్టువాళ్లు. తాతల కాలంలో ఎవరి అండా లేక ఆ వంశం పేరు తగిలించుకున్నారు. ఆనాటి నుంచి ఆ వంశంవాడు బయట ఎవణ్ణయినా చంపితే రక్తం వెలకు ఇవ్వాల్సిన ఒంటెల్లో వీళ్ల ఇళ్ల వాటా కూడా పోతుంది. వంశంలో మగవాళ్లెందరని లెక్కపెట్టేటప్పుడు వీళ్లూ లెక్కలోకి వస్తారు. పిల్లనిమ్మంటే మాత్రం, "బానిస పుట్టుకకు పిల్లా?" అంటారు. ఒకే పేరు, ఒకే దేవుడు, ఒకే నది. జుట్టు ఒక్కటే వేరు. ఆ ఒక్కటీ చాలు.

మాయోను పూడ్చిన మర్నాడు అంబియో తల్లి మదీనో కూతుర్ని వెంటబెట్టుకుని ఉగాస్ వాకిట్లోకి వెళ్లింది. ఆయన గడ్డానికి గోరింటాకు ఎర్రగా పండి ఉంది. చేతిలో జపమాల తిరుగుతోంది.

"మీరు మావాళ్లే కదా మదీనో," అన్నాడాయన మెత్తగా. "మనది ఒకే రక్తం. ఒకే రక్తంలో రక్తం వెల ఎక్కడుంటుంది? కుడిచెయ్యి ఎడమచెయ్యికి జరిమానా కడుతుందా?"

"వెల వద్దు పెద్దయ్యా. లీబాన్ చంపాడని నలుగురిలో ఒక్కమాట అనండి. చాలు."

"కాలువ గట్టు మీద తుపాకీ పేలింది. అల్లా రాత."

"ఎవరు పేల్చారు?"

ఉగాస్ జపమాలలో ఇంకో పూస జరిపాడు. మూడోనాడు సంతాపానికని ఒక మేకను పంపాడు. అదీ ముసలి మేక. ఎంత ఉడికించినా ఉడకలేదు.

ఆ తర్వాత తొమ్మిదేళ్లు మదీనో పొయ్యి వెనక కూర్చుని మొక్కజొన్న కండెలు ఒలుస్తూనే ఉంది. ఎవరైనా మాటవరసకు "ఆ తుపాకీ పేలినప్పుడు..." అంటే చాలు, తలెత్తకుండా అడిగేది, "ఎవరు పేల్చారు?" ఆ మాట ఎత్తినవాళ్లు రొట్టె చేతిలో పట్టుకుని జారుకునేవాళ్లు. పిచ్చిదన్నారు. పిచ్చి కాదు. పగను అలా రోజూ నూరితే తప్ప పదును ఉండదని ఆ ముసలిదానికి తెలుసు.

*

ఇంతలో పార్లమెంటు ఎన్నికలొచ్చాయి.

ఎన్నికలంటే ఊరంతా వరసకట్టి ఓటేసేవి కావు. సీటు వంశానిది. ఈసారి ఆ వంశం సీటును ఆడవాళ్లకు కేటాయించారు. వంశపెద్ద యాభై ఒక్కమందిని ఎంచి ఇస్తాడు, వాళ్లే ఓటర్లు. ఉగాస్ తన తమ్ముడి కూతురు సగల్‌ను నిలబెట్టాడు. పదేళ్ల వయసులో పరాయి దేశం వెళ్లి, అక్కడ చదివి, ఆడవాళ్ల హక్కుల మీద మాట్లాడి పేరు తెచ్చుకుని తిరిగొచ్చిన పిల్ల.

ఒక్కరే నిలబడితే బయటి పరిశీలకులు ఒప్పుకోరు. పోటీ కనపడాలి. అందుకు ఇంకొకర్ని నిలబెడతారు. ఆ రెండో మనిషిని మావాళ్లు తోడిపెళ్లికూతురు అంటారు. కొత్త బట్టలు కట్టించి పెళ్లికూతురు పక్కన కూర్చోబెడతారు. చివర్లో లేచి, "నా సోదరే అర్హురాలు," అని పొగిడి తప్పుకోవాలి. అంతే ఆమె పని.

తోడిపెళ్లికూతురు ఎవరన్న దగ్గర ఉగాస్ ఇంట్లో చర్చ జరిగింది. సొంతవాళ్లలో ఎవతెనైనా పెడితే ఆమెకు ఆశ పుట్టొచ్చు, ఆమె అన్నదమ్ములు తలెగరేయొచ్చు.

"రొట్టెల అంబియో ఉంది కదా," అన్నాడొకడు. "ఆమెకు అన్నదమ్ములు లేరు."

ఆ మాట అన్నవాడికీ ఏమీ అనిపించలేదు. విన్నవాళ్లకీ ఏమీ అనిపించలేదు.

ఇక ఓటర్లు. పొదల్లో తుపాకులతో తిరిగేవాళ్లు ముందే హెచ్చరిక పంపారు. ఈ ఎన్నికల్లో ఓటేసినవాళ్ల తలలు ఉండవన్నారు. అంతకుముందు ఎన్నికల్లో ఓటేసినవాళ్లను ఇంటి గుమ్మంలో కాల్చిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. పెద్దింటివాళ్లు తమ కొడుకుల్నీ కోడళ్లనూ ఇవ్వడానికి వెనకాడారు. ఉగాస్ గడ్డం దువ్వుకున్నాడు.

"నది ఒడ్డు ఆడవాళ్లను పెట్టండి. ఆడవాళ్లు ఎక్కువుంటే పరిశీలకులు చప్పట్లు కొడతారు. పైగా చెప్పినట్టు వింటారు."

మూడో కారణం ఆయన చెప్పలేదు. చచ్చినా ఫరవాలేనివాళ్లు వాళ్లు. రక్తం వెల అడగరు కదా. ఒకే రక్తం.

అలా ముప్పై ఒక్కమంది రింగుజుట్టు ఆడవాళ్లు, ఉగాస్‌తో కలిపి ఇరవైమంది మెత్తజుట్టు మగవాళ్లు ఓటర్లయ్యారు. ఉగాస్ తెలివైనవాడే. కాకపోతే తొమ్మిదేళ్ల కిందట ఎడమచెయ్యి అన్నదాన్ని ఆయన ఎప్పుడూ మనిషిగా లెక్కపెట్టలేదు. అందుకే ఓట్లు కూడా లెక్కపెట్టుకోలేదు.

*

అంబియోకు కబురొచ్చింది. వెళ్లింది. ఆ ఇంట్లో మొదటిసారి ఆమెకు చాప వేశారు. యాలకుల టీ ఇచ్చారు.

"తల్లి ఎలా ఉందమ్మా?" అన్నాడు ఉగాస్.

"కండెలు ఒలుస్తోంది పెద్దయ్యా."

"పార్లమెంటు సీటుకు నీ పేరు పెడుతున్నాం."

అంబియో టీ గ్లాసు కింద పెట్టింది. "నా పేరా?"

పక్కనున్న ఉగాస్ మేనల్లుడు ఫక్కున నవ్వాడు. "ఉత్తినే వదినా, కంగారు పడకు. రొట్టెలు మానేసి మంత్రివయ్యేదేం లేదు. పెళ్లిలో పక్కన కూర్చోవడమే."

"కూర్చోవడమేనా, ఏమన్నా మాట్లాడాలా?"

"రెండు ముక్కలు. సగల్ మంచిది, తనకే వెయ్యండి అని," అన్నాడు ఉగాస్. "నీకొక జత బట్టలు. నీ పందిరికి కొత్త రేకులు. మనం మనం ఒకటి కదా తల్లీ. ఒకే రక్తం."

తొమ్మిదేళ్ల తర్వాత అదే నోటి నుంచి అదే మాట. అంబియో కింద పెట్టిన గ్లాసు తీసుకుని మిగిలిన టీ తాగేసింది.

"సరే పెద్దయ్యా. మీ మాట ఎప్పుడు కాదన్నాం?"

రెండు రోజులకు సగల్ తనే పొయ్యి దగ్గరికి వచ్చింది. తుపాకులవాళ్లు నలుగురు దూరంగా నిలబడ్డారు. పీట లాక్కుని కూర్చుంది, రొట్టె అడిగి తీసుకుంది, వేళ్లు కాలుతున్నా తింది. మనిషి చెడ్డది కాదు. అదే అంబియోకు కష్టంగా ఉంది. చెడ్డదైతే పని తేలికయ్యేది.

"అక్కా, నువ్వు నా పక్కన నిలబడటం నాకెంత గర్వంగా ఉందో తెలుసా? మనం ఇద్దరం నల్ల ఆడవాళ్లం. ప్రపంచం మనల్ని ఒకేలా చూస్తుంది."

"ఏ ప్రపంచం చెల్లెమ్మా?"

సగల్ ఫోన్ తీసి చూపించింది. పరాయి దేశపు వీధిలో ఊరేగింపు. అందులో సగల్. మెత్తటి జుట్టును చుట్టలు చుట్టించి, గొడుగంత గుండ్రంగా పైకి లేపుకుంది. పిడికిలి ఎత్తి ఉంది.

అంబియో చాలాసేపు చూసింది. "ఈ జుట్టు నీకెవరు పెట్టారు?"

"అక్కడ దుకాణాల్లో చేస్తారు. ఒక పూట పడుతుంది. మన జుట్టు మన గౌరవం అక్కా."

"నాకు పుట్టుకతోనే వచ్చింది," అంది అంబియో. "ఒక్క పైసా పెట్టలేదు. చిన్నప్పుడు మీ పెదనాన్న ఇంటికి పాలు పోయడానికి వెళ్తే మీ పిల్లలు నా జుట్టులో పుల్లలు గుచ్చి నిలబడతాయో లేదో చూసేవాళ్లు. నిలబడేవి."

సగల్ ముఖం వాడిపోయింది. "నేను చిన్నదాన్ని. నాకు గుర్తులేదు."

"ఉండదులే. గుచ్చినవాళ్లకి గుర్తుండదు."

వెనక నుంచి మదీనో గొంతు వచ్చింది. "ఈ పిల్ల ఎవరు?"

"ఉగాస్ తమ్ముడి కూతురమ్మా."

"తుపాకీ ఎవరు పేల్చారో అడుగు."

"ఏ తుపాకీ?" అంది సగల్. ఆ పిల్లకు నిజంగానే తెలియదు. ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేదు. చెప్పేంత పెద్ద సంగతి కాదు మరి.

అంబియో ఇంకో రొట్టె తీసి ఆమె చేతిలో పెట్టింది. "ముసలిదాని మాటలులే. తిను."

*

ఓటర్లైన ముప్పై ఒక్కమంది ఆడవాళ్లూ ఏదో ఒక పొద్దున ఆ పొయ్యి దగ్గరికి వచ్చేవాళ్లే. అంబియో మీటింగులు పెట్టలేదు. పొయ్యిలోకి వంగి, వాళ్ల వైపు చూడకుండా ఒక్కొక్కరితోనే మాట్లాడింది.

"నీ కొడుకును ఎవరు దుడ్డుకర్రతో కొట్టారు?" అనేది ఒకామెతో.

"నీ చేను ఎవరి తోటలో కలిసింది?" అనేది ఇంకొకామెతో.

జవాబు వచ్చాక, "నేను తప్పుకోవడం లేదు," అనేది. అంతకుమించి అక్కర్లేదు. నది ఒడ్డున ఇంటికో మాయో ఉన్నాడు.

ఎన్నికల ముందు రోజు ఉగాస్ ఓటర్లందర్నీ వాకిట్లో చేర్చాడు. మాట తప్పకుండా మగవాళ్ల చేత ఒట్టు వేయించాడు. మామూలు ఒట్టు కాదు. "సగల్‌కు కాక ఇంకొకరికి ఓటేస్తే నా పెళ్లానికి మూడు తలాకులు," అని ఇరవైమందీ ఒకరి తర్వాత ఒకరు అన్నారు. అందరికంటే ముందు ఉగాసే అన్నాడు. అంతకంటే గట్టి ముడి మా దగ్గర లేదు.

"ఆడవాళ్ల సంగతి?" అన్నాడు మేనల్లుడు.

ఉగాస్ నవ్వాడు. "ఆడదానికి తలాక్ ఒట్టు ఎక్కడిది? మొగుణ్ని విడిచిపెట్టడం ఆమె చేతిలో ఉందా?"

మగవాళ్లంతా నవ్వారు. గోడవారన కూర్చున్న ముప్పై ఒక్కమందీ ముసుగుల్లోంచి చూశారు. వాళ్ల పక్కనే కూర్చున్న అంబియోకు ఆ మూడు మాటల విలువ బాగా తెలుసు. ఆమె మొగుడు కూరగాయల సంతలో ఉల్లిపాయలు బేరమాడుతూ ఆ మూడూ అనేసి వెళ్లిపోయాడు. ఆరోజు ఆ మాటల మీద ఆడదానికి అధికారం లేనందుకు ఏడ్చింది. ఈరోజు అదే లేనందుకు అల్లాకు దణ్ణం పెట్టుకుంది. ముడి వేయని తాడుకు విప్పుకునే బాధ లేదు.

*

ఎన్నిక సర్కారు హాల్లో. బయట ఇసుక బస్తాలు, లోపల ఫ్యాన్లు. ముందు వరసలో పరిశీలకులు. ఉగాస్ మొదటి కుర్చీలో. ఆయన వెనక, గోడకానుకుని లీబాన్. తొమ్మిదేళ్లలో వాడికి పొట్ట వచ్చింది.

ముందు సగల్ లేచింది. బాగా మాట్లాడింది.

"అక్కడ బస్సులో కూర్చుంటే నా పక్క సీటు ఖాళీగా ఉండేది. బస్సు నిండా జనం నిలబడ్డా సరే, ఖాళీగానే ఉండేది. ఆరోజు నాకు తెలిసింది నేను నల్లదాన్నని. ఆ అవమానమే నన్ను రాజకీయాల్లోకి తెచ్చింది. నల్ల ఆడదాని గొంతు ఈ దేశపు పార్లమెంటులో వినపడాలి."

చప్పట్లు మోగాయి. ఉగాస్ తల ఊపాడు.

అంబియో లేచింది. ఉగాస్ ఇంటివాళ్లు కుట్టించిన పసుపు పచ్చ బట్టలు కట్టుకుంది. మైకు ముందు ముసుగు వెనక్కి జరుపుకుంది. నుదుటి మీద రింగుజుట్టు బయటపడింది. మెత్తజుట్టువాళ్ల ముందు ఆమె అలా నిలబడటం అదే మొదటిసారి.

"నా చెల్లెలు చెప్పింది నిజం," అంది. "పక్క సీటు ఖాళీగా ఉండటం నాకూ తెలుసు. అది తెలుసుకోవడానికి ఆమె విమానం ఎక్కాల్సి వచ్చింది. నాకు నడిచివెళ్తే సరిపోయింది. ఉగాస్ గారి వాకిలి మా ఇంటికి దగ్గరే."

మేనల్లుడు కుర్చీలోంచి సగం లేచి, పరిశీలకుల్ని చూసి మళ్లీ కూర్చున్నాడు.

"నల్ల ఆడదాని గొంతు వినపడాలంది. నేనూ అదే అంటాను. ఇక్కడ ఇద్దరం నిలబడ్డాం. వీళ్లు ఇన్నేళ్లుగా నల్లది అని పిలిచింది మాలో ఎవర్నో మీకు తెలుసు. నన్ను తోడిపెళ్లికూతురిగా తెచ్చారు. ఇప్పుడు తప్పుకుంటానని చెప్పాలి. చెప్పను. నా తమ్ముడి పేరు మాయో. కాలువ గట్టు మీద తన వంతు నీళ్లు కట్టుకుంటుంటే లీబాన్ చంపాడు. ఆ గోడకు ఆనుకుని నిలబడ్డవాడే. తుపాకీ దానంతటది పేలలేదు. ఇక ఓటు మీ ఇష్టం."

వెళ్లి కూర్చుంది. లీబాన్ గోడ మీంచి ఒళ్లు తీసి నిటారుగా నిలబడ్డాడు. ఆనుకోవడానికి ఇక వాడికి గోడ కుదరలేదు. ఉగాస్ చేతిలో జపమాల ఆగిపోయింది. ఆయన ఏమీ చేయలేడు. ఆయనే పిలిపించిన పరిశీలకులు రాసుకుంటున్నారు. ఆయనే ఎంచిన ఓటర్లు వరసలో నిలబడుతున్నారు.

మధ్యాహ్నం ప్రార్థనకు ముందే లెక్క తేలింది. సగల్‌కు పంతొమ్మిది. అంబియోకు ముప్పై రెండు.

బయట మెట్ల మీద సగల్ ఆమెను పట్టుకుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నేనప్పుడు ఇక్కడ లేను అక్కా."

"తెలుసు."

"మరి నా మీద ఎందుకీ పగ?"

"నీ మీద కాదు. వాళ్లు నీ కోసం వేసిన కుర్చీ మీద."

"ఒక్కసారి నన్ను అడిగి ఉంటే నేనే నీకు వదిలేసేదాన్ని. ఒట్టు."

"అందుకే అడగలేదు," అంది అంబియో. "మీరు ఇస్తే తీసుకోవడం మాకు అలవాటే. ఈసారి అది వద్దనుకున్నాను."

*

తోడిపెళ్లికూతురు పీటలెక్కిందని ఊరు నవ్వుకుంటుండగానే ఎవరో వేళ్లు ముడిచి లెక్కపెట్టారు. నది ఒడ్డు ఆడవాళ్లు ముప్పై ఒక్కమంది. తాము అంబియోకే వేశామని వాళ్లు దారంతా చప్పట్లతో, పాటలతో చెప్పుకుంటూ వెళ్లారు. మరి ముప్పై రెండో ఓటు ఎవరిది?

ఇరవైమంది మగవాళ్లలో ఒకడిది. తలాక్ ఒట్టు వేసినవాడిది. అంటే ఆ పూట నుంచి ఊళ్లో ఒక పెద్దింటి పెళ్లాం పెళ్లాం కాదు. ఎవతో ఆమెకే తెలియదు.

ఇరవై ఇళ్లలో నిప్పు రాజుకుంది. ఆడవాళ్లు పడక మీంచి దిండు తీసుకుని వేరే గదిలోకి మారారు. "నేను వేయలేదే, నీ మీద ఒట్టు," అని మొగుళ్లు మొత్తుకున్నారు. "నా మీద వేసిన ఒట్టే కదా తప్పింది," అన్నారు పెళ్లాలు. ఉగాస్ పెద్దకూతురు ఇద్దరు పిల్లల్నీ మూటనూ చంకనేసుకుని పుట్టింటికి వచ్చేసింది, ఆమె మొగుడూ ఆ ఇరవైలో ఒకడు గనక. సాక్షాత్తూ ఉగాస్ భార్యే ఆయన్ను గడపలో నిలబెట్టింది.

"నువ్వూ వేశావు కదా ఓటు?"

"నా తమ్ముడి కూతురికి నేను వేయకుండా ఉంటానా?"

"ఏమో. రాత్రిళ్లు నిద్రలో కాలువ, కాలువ అని కలవరిస్తావు."

పెద్ద మసీదు షేక్ దగ్గరికి పరుగెత్తారు. "వేసినవాడి పెళ్లాం వాడికి పరాయిది. ఎవడో తేలేదాకా నేను చెప్పేదేం లేదు," అన్నాడాయన. సంత దగ్గరి చిన్న మసీదు షేక్ కాస్త మెత్తటివాడు. "ఒట్టు తప్పినవాడు పదిమంది పేదలకు కడుపునిండా పెడితే ప్రాయశ్చిత్తం," అన్నాడు. అయితే పెట్టినవాడు తప్పు ఒప్పుకున్నట్టే కదా. పెట్టకపోతే పెళ్లాం ఊరుకోదు. దాంతో బట్ట కప్పిన పళ్లేలు దొడ్డిదారిన బయల్దేరాయి. జౌహర్‌లో పేదలెక్కడుంటారు? నది ఒడ్డున. ఒక్కో ఇంటినుంచి అన్నం, మాంసం, అరటిపళ్లు. తెచ్చినవాళ్లు ఎవరి ఇల్లో చెప్పరు. తిన్నవాళ్లు అడగరు. ఎన్నికల ముందు చచ్చినా ఫరవాలేదనుకున్న ఆడవాళ్లు పళ్లెం చుట్టూ కూర్చుని, "ఇది ఆరో ఇంటిది, నెయ్యి తక్కువ," "నిన్నటిది ఏలక్కాయల వాసన, ఆ ఇంటివాడు తప్పకుండా దొంగే," అని తీరిగ్గా తీర్పులు చెప్పారు. వాళ్ల పొయ్యిలు చాలా రోజులు చల్లగా ఉన్నాయి.

పొదల్లోని వాళ్ల భయంతో అంబియోకు ఇద్దరు తుపాకులవాళ్లను ఇచ్చారు. మొగదిషు ప్రయాణం ఇంకా ఉంది. ఆమె రోజూలాగే పొయ్యి వెలిగించింది. ఒక పొద్దున పెద్దింటి ముసలమ్మ ఒకావిడ ముసుగు లాక్కుంటూ వచ్చి చెవి దగ్గర అడిగింది.

"నీకే వేశాడు కదమ్మా. వేస్తానని నీకు చెప్పే ఉంటాడు. ఎవడు వాడు? నా అల్లుడు కాదు కదా?"

అంబియో రొట్టె చరుస్తున్న చేతులు ఆపింది. ఆ ముసలామె కళ్లలోకి చూసింది. నవ్వింది.

అంతే. ఒక్కమాట అనలేదు. కానీ అంబియో నవ్విందన్న కబురు వంతెన దాటి, సంత దాటి, పొద్దెక్కేలోగా ఉగాస్ ఇంటికి చేరింది. నవ్వని మనిషి నవ్విందంటే తెలిసే నవ్వింది.

మర్నాడు ఉగాస్ వార్సమే తనే వచ్చాడు. చేతికర్ర పక్కన పెట్టి, లారీ డ్రైవర్లు కూర్చునే పీట మీద కూర్చున్నాడు. మోకాళ్లు గడ్డానికి తగిలాయి.

"సీటు సంగతి వదిలెయ్. అది నీదే," అన్నాడు. "మాయో రక్తం వెల కడతాను. ఒంటెలతో సహా, ఒక పెద్దింటి బిడ్డకు కట్టినట్టే. వాడెవడో చెప్పు. నా కూతురు రోజూ ఏడుస్తోంది."

"వెల ఎందుకు పెద్దయ్యా? మనది ఒకే రక్తం కదా."

ఉగాస్ కళ్లు దించుకున్నాడు. "ఇంకేం కావాలి?"

"అమ్మ అడిగిందే. శుక్రవారం ప్రార్థన అయ్యాక, పెద్ద మసీదు మైకులో, జరిగిన నిజం మీరు చెప్పండి. ఆ తర్వాత ఇక్కడికి రండి. నాకు తెలిసిన నిజం నేను చెబుతాను."

శుక్రవారం ఎండ నిప్పులు చెరిగింది. వంతెన మీద లారీలు ఆగిపోయాయి. మసీదు మైకు గరగరలాడి, ఉగాస్ గొంతు నది మీదుగా వచ్చింది. లీబాన్ మాయోను చంపాడని, అది హత్యేనని, తొమ్మిదేళ్ల కిందట తాను తీర్పు తప్పానని. లీబాన్ అప్పటికే బండెక్కి బెలెద్‌వేన్ ఊరి దారి పట్టాడు. మదీనో చేతిలో కండె పట్టుకుని, ఒక్క గింజ కూడా ఒలవకుండా విన్నది.

ఉగాస్ మసీదు నుంచి నేరుగా పొయ్యి దగ్గరికి వచ్చాడు. వెనక జనం. అంబియో నోరు విప్పేలోగా మదీనో అంది, "మైకు గరగరలాడింది పెద్దయ్యా. నాకు సరిగ్గా వినపడలేదు. ఇంకోసారి చెప్పండి."

ఆయన జనాన్ని చూశాడు. ముసలిదాన్ని చూశాడు. "లీబాన్ చంపాడు మదీనో."

"ఎవర్ని?"

"నీ కొడుకు మాయోను."

"ఆఁ," అని మదీనో కండె ఒలవడం మొదలుపెట్టింది.

ఉగాస్ అంబియో వైపు తిరిగాడు. "ఇప్పుడు చెప్పు."

"నాకు తెలియదు పెద్దయ్యా," అంది అంబియో. "ఓట్ల పెట్టె మూసి ఉంది. ఎవరూ నాతో చెప్పలేదు. ఇదే నాకు తెలిసిన నిజం."

"నవ్వావట కదా?"

"నవ్వాను. తొమ్మిదేళ్లకు నవ్వొచ్చింది."

జనంలో ఆయన మనుషులు ఒకరినొకరు ఓరగా చూసుకుంటున్నారు. ఉగాస్ చేతికర్ర తీసుకుని, వంతెన మీదుగా ఒక్కడే వెళ్లిపోయాడు. ఆయన వెంట ఎవరూ పోలేదు.

రెండు రోజుల తర్వాత నది ఒడ్డుకు ఇంకో పళ్లెం వచ్చింది, బట్ట కప్పి, దొడ్డిదారిన. ఇన్నాళ్లూ రానిది ఆ ఒక్క ఇంటి నుంచే. తెచ్చిన పనిమనిషి ముఖం కప్పుకున్నా, కాళ్ల కడియాలు చూసి అందరూ ఉగాస్ ఇంటిదని గుర్తుపట్టారు. ఆ ఇంటి ఇల్లాలు గెలిచిందన్నమాట.

అంబియో మంచి ముక్క చూసి తల్లి చేతిలో పెట్టింది. మదీనోకు మిగిలినవి నాలుగు పళ్లు. నోట్లో వేసుకుని, నిదానంగా నమిలి, మింగింది.

"ఈసారి లేత మేక," అంది.